ఒకే యాప్‌లో బ్యాంకు డబ్బు, క్రిప్టో: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

మామూలు డబ్బు బదిలీలు, క్రిప్టో పంపకాలు ఒకే యాప్‌లో జరిగేలా డిజైన్ చేస్తున్న పాఠకుల నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువమందికి పనికొచ్చేవి ఏరి ఈ సంచికలో జవాబులిస్తున్నాం.

ప్రశ్న: బ్యాంకు ఖాతాకు పంపినా, క్రిప్టో వాలెట్‌కు పంపినా ఒకే ‘పంపు’ బటన్ ఉండాలని మా ఆలోచన. లోపల ఏం జరుగుతుందో వాడేవాళ్లకు తెలియక్కర్లేదని మా బృందంలో కొందరి వాదన. మీరేమంటారండీ?

జవాబు: బటన్ ఒకటే ఉండనివ్వండి. లోపలి వ్యవహారంలో చాలా భాగం దాచేయొచ్చు కూడా. నాన్స్ (ఖాతా పంపే లావాదేవీల వరుస సంఖ్య), గ్యాస్ పరిమితి (నెట్‌వర్క్ చేసే పనికి హద్దు, రుసుము దీన్ని బట్టే), బ్లాకు (లావాదేవీల కట్ట) సంఖ్య లాంటివి మొదటి తెరమీద కనిపించాల్సిన పనిలేదు. దాచకూడని తేడా ఒక్కటుంది. బ్యాంకు బదిలీ తప్పు ఖాతాకు వెళ్తే ఫిర్యాదు తీసుకునే సంస్థ ఒకటుంటుంది. డబ్బు తిరిగొస్తుందన్న హామీ లేకపోయినా అడగడానికి ఒక చోటుంది. బిట్‌కాయిన్ లావాదేవీ బ్లాకులో చేరి, దానిమీద మరికొన్ని బ్లాకులు పడ్డాక వెనక్కి తిప్పగలిగేవాళ్లు ఎవరూ లేరు. ఈ సంగతి పంపకముందే తెలియాలి, పోయాక సహాయ పేజీలో కాదు.

అందుకని తెరల వరుస ఇలా పెట్టండి. ముందు ఎవరికి, తర్వాత ఎంత, చివర సరిచూసుకునే తెర. ఎవరికి అన్నది తేలితే ఏ దారిలో వెళ్లాలో యాప్‌కే తెలుస్తుంది, కాబట్టి ‘బ్యాంకా, క్రిప్టోనా’ అని మొదటే అడగనక్కర్లేదు. చివరి తెరలో అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉండాల్సింది అవతలివాళ్ల చేతికి అందే మొత్తం. మీ ఖాతాలోంచి పోయేది, రుసుము దాని కింద. బటన్ మీద ఉత్త ‘సరే’ కాకుండా ‘0.05 ఈథర్ పంపు’ అని రాయండి (ఈథర్ అంటే ఈథీరియం నెట్‌వర్క్ నాణెం).

వాడకం తేలిక చేయడమంటే నొక్కుళ్లు తగ్గించడమే అనుకోవద్దు. ప్రతిదానికీ ‘ఖాయమేనా?’ అని అడిగే యాప్‌లో జనం చదవకుండా నొక్కడం అలవాటు చేసుకుంటారు, అసలు అడగాల్సిన చోట కూడా అలాగే నొక్కేస్తారు. ఇంతకుముందు పంపినవాళ్లకే చిన్న మొత్తమైతే వేలిముద్ర చాలు. కొత్త అడ్రస్, క్రిప్టో, పెద్ద మొత్తం కలిసినప్పుడు మాత్రం ఒక అడుగు అదనంగా పెట్టండి. డబ్బు లావాదేవీల గురించి వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు చెప్పేది కూడా ఇదే. వెనక్కి తీసుకునే వీలు, తప్పుల తనిఖీ, సరిచూసి ఖాయం చేసే అవకాశం, ఈ మూడింట్లో కనీసం ఒకటి ఉండాలి. క్రిప్టోలో మొదటిది లేదు గనుక మిగతా రెండూ పెట్టాల్సిందేనని మా అభిప్రాయం.

ప్రశ్న: తప్పు అడ్రస్‌కు పంపి డబ్బు పోగొట్టుకున్నామన్న ఫిర్యాదులే మాకు ఎక్కువ. అడ్రస్ కాపీ చేసి అతికించడంలో అంత తప్పు ఎలా జరుగుతుంది? యాప్ ఏం చేయగలదు?

జవాబు: ‘తప్పు అడ్రస్’ అనే ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు ప్రమాదాలున్నాయి. నాలుగింటికీ మందు వేరు.

మొదటిది అక్షర దోషం. ఇది పట్టుకోవడం సులువు, ఎందుకంటే అడ్రస్‌లలోనే తనిఖీ అంకెలు ఉంటాయి. బీసీ1తో మొదలయ్యే బిట్‌కాయిన్ అడ్రస్‌లో నాలుగు అక్షరాల వరకు తప్పు పడితే తప్పకుండా దొరికిపోతుంది. ఈథీరియం అడ్రస్ అంటే ముందు సున్నా, ఎక్స్, ఆపైన 40 అక్షరాలు. వాటిలో పెద్దబడి, చిన్నబడి అక్షరాలు కలిసి ఉంటే ఆ కలయికే తనిఖీ. ఈఐపీ-55 పద్ధతి అంటారు దీన్ని. పొరపాటు దీని కన్నుగప్పే అవకాశం సుమారు నాలుగు వేలల్లో ఒకటి. అన్నీ చిన్నబడిలోనే ఉన్న అడ్రస్ కూడా చెల్లుతుంది, కానీ దానికి ఈ కాపలా లేదు. అలాంటిది అతికిస్తే కాపీ చేసిన చోటుతో పోల్చి చూసుకోమని చెప్పండి. ఈ తనిఖీ ‘తర్వాత’ నొక్కాక కాదు, అతికించిన క్షణంలోనే జరగాలి.

రెండోది నెట్‌వర్క్ పొరపాటు. ఫిర్యాదుల్లో ఎక్కువ ఇక్కడి నుంచే రావచ్చు. ఈథీరియం, పాలిగాన్, ఆర్బిట్రమ్, బీఎన్‌బీ చెయిన్ అన్నిటిలోనూ అడ్రస్ రూపం ఒక్కటే. అడ్రస్ సరైనదే, వెళ్లిన దారి తప్పు. అవతలిది సొంత తాళాలున్న (రహస్య కీ మనిషి చేతిలోనే ఉండే) వాలెట్ అయితే అదే తాళంతో ఆ నెట్‌వర్క్‌లో కూడా డబ్బు కనిపిస్తుంది, తీసుకోవచ్చు. ఎక్స్‌చేంజ్ (క్రిప్టో కొనుగోలు, అమ్మకాలు జరిపే సంస్థ) ఇచ్చిన డిపాజిట్ అడ్రస్ అయితే వాళ్లు ఆ నెట్‌వర్క్‌ను చూడకపోతే డబ్బు అక్కడే చిక్కుకుంటుంది. అందుకే నెట్‌వర్క్ పేరును మూలన చిన్న బొమ్మగా కాక, మొత్తం పక్కనే మాటల్లో రాయండి: ‘ట్రాన్ నెట్‌వర్క్ మీద 50 యూఎస్‌డీటీ’ (యూఎస్‌డీటీ డాలరు విలువతో ముడిపడిన క్రిప్టో). అవతలివాళ్లు ఏ నెట్‌వర్క్‌లో తీసుకుంటారో అడిగి తెలుసుకున్నారా అని కొత్త అడ్రస్‌కు ఒక్కసారి అడగండి. మీ యాప్ వాడేవాళ్లు డబ్బు తీసుకునే తెరలోనైతే క్యూఆర్ కోడ్‌లో ఉత్త అడ్రస్ కాకుండా నెట్‌వర్క్ కూడా చేరేలా చేయండి. బిట్‌కాయిన్‌కు బిప్-21, ఈథీరియం తరహా నెట్‌వర్క్‌లకు ఈఐపీ-681 అనే ప్రమాణాలు అందుకే ఉన్నాయి.

మూడోది ట్యాగ్ మరిచిపోవడం. ఎక్స్‌ఆర్‌పీ, స్టెల్లార్ నెట్‌వర్క్‌లలో ఎక్స్‌చేంజ్‌లు ఖాతాదారులందరికీ ఒకే అడ్రస్ ఇచ్చి, ఎవరి డబ్బో ట్యాగ్ లేదా మెమోను బట్టి గుర్తిస్తాయి. ఆ గడి ఖాళీగా వదిలితే డబ్బు ఎక్స్‌చేంజ్‌కు చేరుతుంది, మనిషి ఖాతాలో పడదు. ఆ గడి కింద ‘ఐచ్ఛికం’ అని రాసి ఊరుకోవడమే డిజైన్‌లో పెద్ద లోపం. ఎక్స్‌ఆర్‌పీలో ట్యాగ్ తప్పనిసరి అని ఖాతా తనంతట తానే ప్రకటించే వీలుంది. యాప్ దాన్ని చదివి, ట్యాగ్ లేకుండా ముందుకు పోనివ్వకూడదు. ఆ ప్రకటన లేనప్పుడు కూడా ‘ఎక్స్‌చేంజ్‌కు పంపుతున్నారా? అయితే ట్యాగ్ కావాలి’ అని గడి పక్కనే రాయండి.

నాలుగోది మోసం. మీరు తరచూ పంపే అడ్రస్‌కు మొదటి, చివరి అక్షరాలు కలిసేలా మోసగాళ్లు మరో అడ్రస్ తయారుచేస్తారు. దాన్నుంచి సున్నా మొత్తమో, నలుసంత మొత్తమో పంపి మీ చరిత్రలో చేరతారు. తర్వాతిసారి మీరు చరిత్రలోంచి కాపీ చేస్తే అది వాళ్లది. 2024 మేలో ఇలాగే ఒక ఖాతా నుంచి ఒక్క లావాదేవీలో 1,155 ర్యాప్డ్ బిట్‌కాయిన్లు (ఈథీరియం మీద బిట్‌కాయిన్‌కు ప్రతిగా నడిచే టోకెన్లు) మోసగాడి అడ్రస్‌కు వెళ్లాయి. మొదటి ఆరు, చివరి నాలుగు అక్షరాలు చూపించి మధ్యలో చుక్కలు పెట్టే అలవాటే ఈ మోసానికి ఊతం. చివరి తెరలో పూర్తి అడ్రస్‌ను నాలుగేసి అక్షరాల గుంపులుగా, రెండు మూడు వరుసల్లో చూపండి. సున్నా మొత్తం లావాదేవీలను చరిత్రలో దాచండి. చరిత్ర వరుసల్లో కాపీ బటన్ తీసేసి, పేరు పెట్టి దాచుకున్న చిరునామా పుస్తకం నుంచే మళ్లీ పంపేలా చేయండి. ఇంతకుముందు మీరు ఎప్పుడూ పంపని అడ్రస్ అయితే ‘ఈ అడ్రస్‌కు ఇదే మొదటిసారి’ అన్న ఒక్క వాక్యం చాలామందిని కాపాడుతుంది.

క్లిప్‌బోర్డులో అడ్రస్‌ను మార్చేసే వైరస్‌లూ ఉన్నాయి. కాపీ చేసింది మీ యాప్‌లోనే అయితే, అతికించినప్పుడు అదే ఉందో లేదో యాప్ పోల్చి చూడొచ్చు. పెద్ద మొత్తానికి ముందు చిన్న మొత్తం పంపి చూసే ‘పరీక్ష బదిలీ’ని ఒక బటన్‌గా ఇస్తే ఇంకా మంచిది.

ప్రశ్న: మొత్తాలు చూపించడంలో, లెక్కల్లో తేడాలొస్తున్నాయి. ఒక్కోసారి చివరి అంకె మారిపోతోంది. కారణం?

జవాబు: మొత్తాలను దశాంశ సంఖ్యలుగా, అంటే ఫ్లోట్‌గా, దాస్తున్నారేమో చూడండి. అలా దాస్తే 0.1కి 0.2 కలిపినా సరిగ్గా 0.3 రాదు. ప్రతి డబ్బునూ దాని అతి చిన్న ప్రమాణంలో పూర్ణాంకంగా దాచాలి. ఒక బిట్‌కాయిన్‌కు 10 కోట్ల సతోషీలు. ఒక ఈథర్‌కు ఒకటి పక్కన 18 సున్నాలన్ని ‘వెయ్’లు (wei, ఈథర్ అతి చిన్న ప్రమాణం). జావాస్క్రిప్ట్ మామూలు సంఖ్య 9,00,71,99,25,47,40,991 దాటితే నమ్మకం లేదు, 0.01 ఈథరే ఆ హద్దు దాటేస్తుంది. కాబట్టి బిగ్ఇంట్ (ఎంత పెద్ద పూర్ణాంకాన్నైనా పట్టే రకం) వాడండి, సర్వర్‌కు పంపేటప్పుడు సంఖ్యగా కాక అక్షరాల వరుసగా పంపండి.

దశాంశ స్థానాలు ఎన్నో మీ కోడ్‌లో గట్టిగా రాసేయొద్దు. యూఎస్‌డీటీకి ఈథీరియం, ట్రాన్‌ల మీద 6 స్థానాలు, బీఎన్‌బీ చెయిన్ మీది దానికి 18. దేశాల కరెన్సీలూ అంతే: జపాన్ యెన్‌కు దశాంశాలే లేవు, కువైట్ దినార్‌కు మూడు. ఇక చూపించేటప్పుడు మొత్తాన్ని పైకి సవరించి చూపకండి. 0.99996 ఉన్న ఖాతాలో ‘1.00’ కనిపిస్తే, ఒకటి పంపబోయి ‘నిల్వ చాలదు’ అన్న మాట చూసినవాళ్లకు మీ యాప్ మీద నమ్మకం పోతుంది. ఎప్పుడూ కిందికే కత్తిరించండి, పూర్తి సంఖ్య ఒక నొక్కు దూరంలో ఉంచండి.

ప్రశ్న: ‘పంపు’ నొక్కాక నెట్ పోతే కొందరు మళ్లీ నొక్కుతున్నారు, డబ్బు రెండుసార్లు వెళ్తోంది. బటన్‌ను నొక్కగానే పనిచేయకుండా చేశాం, అయినా ఆగలేదు.

జవాబు: బటన్ ఆపడం తొందరపాటు నొక్కుళ్లను ఆపుతుంది, అంతే. యాప్ మూసి తెరిచినవాళ్లను ఆపదు. అసలు మందు సర్వర్‌లో ఉంది. సరిచూసుకునే తెర తెరుచుకున్నప్పుడే ఆ బదిలీకి ఒక ప్రత్యేక గుర్తు తయారుచేసి ఫోన్‌లో భద్రపరచండి. నొక్కిన ప్రతిసారీ కొత్త గుర్తు పుట్టించడమే మామూలుగా జరిగే పొరపాటు. ఒకే గుర్తుతో రెండోసారి విన్నపం వస్తే సర్వర్ కొత్త బదిలీ చేయకుండా మొదటిదాని ఫలితాన్నే తిరిగి చెప్పాలి.

క్రిప్టో అయితే సంతకం చేసిన లావాదేవీని నెట్‌వర్క్‌లోకి వదలకముందే దాని గుర్తింపు సంఖ్యతో సహా ఫోన్‌లో దాచండి. జవాబు రాకపోతే కొత్తగా సంతకం చేయొద్దు, దాచిన దాన్నే మళ్లీ వదలండి. ఈథీరియంలో నాన్స్ ఒకటే గనుక, బిట్‌కాయిన్‌లో ఖర్చయ్యే నాణేలు అవే గనుక, ఎన్నిసార్లు వదిలినా ఒక్కసారే చెల్లుతుంది.

దీంతోపాటు తెరమీది మాటలు మార్చాలి. సమయం మించిపోవడం అంటే విఫలమైందని కాదు, ఇంకా తెలియలేదని. ‘విఫలమైంది, మళ్లీ ప్రయత్నించండి’ అని మీరే రాస్తే జనం మళ్లీ నొక్కడంలో వాళ్ల తప్పేముంది? ‘మీ బదిలీ ఫలితం ఇంకా తెలియలేదు, దానికోసం చూస్తున్నాం. మళ్లీ పంపనక్కర్లేదు’ అని రాయండి. స్థితులు కనీసం ఐదు ఉండాలి: తయారైంది, పంపాం, నెట్‌వర్క్ తీసుకుంది, ఖాయమైంది, వెళ్లలేదు. తిరుగుతూ ఉండే చక్రం ఏ స్థితినీ చెప్పదు.

ఎంతసేపు పడుతుందో కూడా నిజం చెప్పండి. బిట్‌కాయిన్ బ్లాకుకు సగటున 10 నిమిషాలు. పెద్ద మొత్తాలకు 6 బ్లాకులు ఆగడం ఆనవాయితీ, అంటే దాదాపు గంట. సగటు అన్నాం కాబట్టి ఒక బ్లాకే అరగంట పట్టిన రోజులూ ఉంటాయి. ‘10 నిమిషాల్లో’ అని మాటివ్వొద్దు, ‘సాధారణంగా 10 నుంచి 60 నిమిషాలు’ అనండి. ఈథీరియంలో 12 సెకన్లకో బ్లాకు వస్తుంది, పూర్తిగా ఖాయం కావడానికి మాత్రం 13 నిమిషాలకు అటూ ఇటూ.

రుసుము చాలక ఆగిపోయిన లావాదేవీకి దారి చూపించడం మరవకండి. ఈథీరియంలో ఒకటి ఆగితే అదే ఖాతా నుంచి తర్వాత పంపినవన్నీ దాని వెనకే ఆగుతాయి. అదే నాన్స్‌తో, రుసుము కనీసం 10 శాతం పెంచి మళ్లీ పంపితే పాతదాని స్థానంలో ఇది వెళ్తుంది. తెరమీద దీనికి ‘త్వరపెట్టు’, ‘రద్దుకు ప్రయత్నించు’ అన్న రెండు బటన్లు చాలు. రెండోదానిలో ‘ప్రయత్నించు’ ఉండి తీరాలి, ఎందుకంటే పాతదే ముందు బ్లాకులో చేరిపోవచ్చు.

ప్రశ్న: వాలెట్‌లో 200 యూఎస్‌డీసీ (డాలరు విలువతో ముడిపడిన మరో టోకెన్) ఉన్నా పంపలేకపోతున్నామని వాడేవాళ్లు అంటున్నారు. ‘గ్యాస్ చాలదు’ అని వస్తోంది. ఈ రుసుముల గొడవ అర్థమయ్యేలా చెప్పేదెలా?

జవాబు: ఈథీరియం మీద ఏ టోకెన్ (ఆ నెట్‌వర్క్ మీద ఇతరులు నడిపే క్రిప్టో) పంపినా రుసుము ఈథర్‌లోనే కట్టాలి. 200 యూఎస్‌డీసీ ఉండి ఈథర్ సున్నా అయితే ఆ డబ్బు కదలదు. ఈ సంగతి పంపే తెరలో కాదు, డబ్బు తీసుకునే తెరలోనే చెప్పండి: ‘దీన్ని తర్వాత పంపాలంటే కొంచెం ఈథర్ కూడా కావాలి’. ఇంకా మంచి దారి, రుసుమును అదే టోకెన్‌లో తీసుకుని మీ తరఫున ఈథర్ కట్టడం. ఈఆర్‌సీ-4337 పద్ధతిలో పేమాస్టర్ చేసే పని ఇదే. అయితే అందుకు స్మార్ట్ ఖాతాలు (నెట్‌వర్క్ మీది కోడ్‌తో నడిచే ఖాతాలు) కావాలి, పేమాస్టర్‌లో ఈథర్ నిల్వ అయిపోతే వాడేవాళ్లందరికీ ఒకేసారి పని ఆగిపోతుంది. ఆ నిల్వ మీద ఓ కన్నేసి ఉంచాలి.

‘మొత్తం పంపు’ బటన్‌ను ప్రత్యేకంగా పరీక్షించండి. ఈథర్ అయితే రుసుము మినహాయించి మిగిలిందే నింపాలి, టోకెన్ అయితే మొత్తం నింపొచ్చు. రెండింటికీ ఒకే కోడ్ రాస్తే ఒకటి తప్పకుండా తప్పుతుంది. మరో ముఖ్య విషయం: ఈథీరియంలో లావాదేవీ మధ్యలో విఫలమైనా రుసుము ఖర్చవుతుంది. పంపకముందే నమూనాగా నడిపించి చూస్తే చాలావరకు ముందే తెలుస్తుంది. అప్పటికీ విఫలమైతే ‘డబ్బు మీ దగ్గరే ఉంది, నెట్‌వర్క్ రుసుము మాత్రం ఖర్చయింది’ అని రెండూ చెప్పండి.

బిట్‌కాయిన్‌లో రుసుము పంపే మొత్తాన్ని బట్టి కాదు, లావాదేవీ పరిమాణాన్ని బట్టి. బీసీ1క్యూతో మొదలయ్యే అడ్రస్‌ల మధ్య ఒక పాత రాబడిని ఖర్చుపెడుతూ, చిల్లర వెనక్కి తెచ్చుకునే లావాదేవీ సుమారు 141 వర్చువల్ బైట్లు. అదే మొత్తం 20 చిన్న చిన్న రాబడులుగా వచ్చి ఉంటే దాదాపు 1,430. అంటే పది రెట్ల రుసుము. ‘నిన్న తక్కువ, ఇవాళ ఎక్కువ ఎందుకు?’ అన్న ప్రశ్నకు మీ యాప్ ఒక వాక్యంలో జవాబు చెప్పగలగాలి.

ప్రశ్న: సీడ్ ఫ్రేజ్‌ను (వాలెట్‌ను తిరిగి తెచ్చుకునే రహస్య పదాల వరుసను) ఖాతా తెరిచిన వెంటనే చూపిస్తే సగంలో వదిలేసి పోతున్నారు. తర్వాత చూపిస్తే అసలు రాసుకోవడం లేదు.

జవాబు: వాలెట్ ఖాళీగా ఉన్నప్పుడు ఆ 12 పదాలకు విలువ లేదు, కాబట్టి రాసుకోవాలన్న ఆత్రం ఉండదు. మొదటిసారి డబ్బు అందిన వెంటనే అడగండి, అది పూర్తయ్యేదాకా నిల్వకు ఒక పరిమితి పెట్టండి. పదాలు కనిపించే తెరలో స్క్రీన్‌షాట్ పడకూడదు. ఆండ్రాయిడ్‌లో సెక్యూర్ ఫ్లాగ్ పెడితే ఆగుతుంది. ఐఫోన్‌లో ముందుగా ఆపే వీలు అంత తేలిక కాదు గనుక, తీసినట్టు తెలియగానే హెచ్చరించండి. కాపీ బటన్ ఉండకూడదు. రాసుకున్నారో లేదో తేల్చడానికి 12 పదాలూ మళ్లీ రాయించక్కర్లేదు, అక్కడక్కడ మూడు పదాలు అడిగితే చాలు.

ఆ పదాలతో వాలెట్‌ను తిరిగి తెచ్చుకునే తెర మీదే ఎక్కువమంది కంగారు పడతారు, ఎక్కువ శ్రద్ధ అక్కడ పెట్టండి. ఈ పదాలకు ప్రమాణమైన బిప్-39 జాబితాలో 2,048 పదాలు, మొదటి నాలుగు అక్షరాలతోనే ఏ పదమో తేలిపోతుంది. కాబట్టి నాలుగు అక్షరాలకే పదం నింపేయండి. జాబితాలో లేని పదాన్ని అక్కడికక్కడే ఎర్రగీత గీసి, మాటల్లోనూ చెప్పండి. 12 పదాల్లో తనిఖీకి ఉన్నది 4 బిట్లే. పదాలు తారుమారైనా 16లో ఒకసారి అది ‘సరైనదే’ అని ఒప్పుకుంటుంది, తెరమీద ఖాళీ వాలెట్ ప్రత్యక్షమవుతుంది. పదాలు సరైనవే అయినా వేరే వాలెట్ వేరే డెరివేషన్ దారి (పదాల నుంచి అడ్రస్‌లు పుట్టించే పద్ధతి) వాడి ఉంటే అప్పుడూ సున్నాయే కనిపిస్తుంది. డబ్బు పోయిందనుకుని బెంబేలెత్తే క్షణం అది. ఆ సమయంలోనే మోసగాళ్ల ‘సహాయ’ సందేశాలకు లొంగిపోతారు. సున్నా కనిపిస్తే యాప్ తనంతట తాను వాడుకలో ఉన్న ఇతర దారుల్లో వెతికి, ‘ఈ పదాలతో ఇంకా వాడిన అడ్రస్‌లు కనిపించలేదు, పదాల వరుస సరిచూడండి’ అనాలి.

తాళాన్ని ఫోన్ భద్రతా చిప్‌లోనే పుట్టిస్తామని కొందరు రాశారు. ఐఫోన్‌లోని ఆ చిప్, సెక్యూర్ ఎన్‌క్లేవ్, వక్రరేఖ తాళాల్లో పీ-256 రకాన్నే పుట్టించి ఉంచుకుంటుంది. బిట్‌కాయిన్, ఈథీరియం వాడేది ఎస్ఈసీపీ256కే1 అనే మరో వక్రరేఖ. కాబట్టి వాలెట్ తాళాన్ని చిప్‌లోని మరో తాళంతో గుప్తీకరించి దాచడమే దారి. సంతకం చేసే ఆ క్షణం అది మామూలు మెమరీలోకి వస్తుందని గుర్తుంచుకుని, పని కాగానే తుడిచేయండి.

ప్రశ్న: తెలుగు తెరల్లో అక్షరాలు కింద తెగిపోతున్నాయి, బటన్లలో పట్టడం లేదు.

జవాబు: ఒత్తులు, కింది గుడులకు చోటు కావాలి. వరుసల ఎత్తు అక్షర పరిమాణానికి కనీసం ఒకటిన్నర రెట్లు ఉంచండి, బటన్‌కు స్థిరమైన ఎత్తు కాక లోపలి ఖాళీ ఇవ్వండి, రెండు వరుసలకు విరిగినా బాగుండేలా చూడండి. పేరుకు కి, కు లాంటి ప్రత్యయాన్ని కోడ్‌తో అతికించొద్దు. ‘ఎవరికి’ అని ఒక వరుస, దాని కింద పేరు, అలా విడిగా పెడితే ఏ పేరైనా సరిపోతుంది. బటన్లు ఆండ్రాయిడ్‌లో 48 డీపీ, ఐఫోన్‌లో 44 పాయింట్లకు తగ్గకూడదు. అక్షరానికీ నేపథ్యానికీ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలి. వచ్చిన డబ్బు పచ్చ, పోయింది ఎరుపు అని రంగుతోనే వదిలేయకుండా కూడిక, తీసివేత గుర్తులు కూడా పెట్టండి.

ప్రశ్న: విడుదలకు ముందు ఎవరితో, ఎలా పరీక్షించాలి?

జవాబు: ఐదుగురు చాలు, అయితే వాళ్లలో కనీసం ముగ్గురు క్రిప్టో ఎప్పుడూ వాడనివాళ్లు కావాలి. నిజం డబ్బు వద్దు. ఈథీరియానికి సెపోలియా, బిట్‌కాయిన్‌కు సిగ్‌నెట్ అనే పరీక్షా నెట్‌వర్క్‌లున్నాయి. ‘ఈ బటన్ నొక్కండి’ అని చెప్పకుండా పని ఇవ్వండి: ఈ అడ్రస్‌కు ఇంత పంపండి, పోయిందో లేదో మాకు చెప్పండి. మధ్యలో ఫోన్ నెట్ ఆపేయండి. ఒకరికి ట్యాగ్ అవసరమైన అడ్రస్, ఒకరికి తప్పు నెట్‌వర్క్ ఇవ్వండి. పని అయ్యాక తెర మూసి, ‘అవతలివాళ్లకు ఎంత అందుతుంది? ఇప్పుడు ఆపాలంటే వీలుందా?’ అని అడగండి. ఇద్దరు తడబడితే చివరి తెర మళ్లీ గీయాల్సిందే. మార్చాక వేరే ఐదుగురిని పిలవండి, పాతవాళ్లకు జవాబులు తెలిసిపోయి ఉంటాయి.